ఎక్కం ఏ భాషలో ఉన్నా లెక్క ఒక్కటే

దీపాలు పెట్టే వేళకు బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు తాలూకాల పల్లెల్లో ఏ ఇంటి అరుగు చూసినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. మూడో తరగతి పిల్లవాడు కన్నడ నోటుపుస్తకం ముందు వేసుకొని 'ఏళర మగ్గి' వ్రాస్తుంటాడు. 'ఏళెంట్ల...' అన్నచోట ఆగి, తల్లివైపు చూస్తాడు. ఆమె మదనపల్లె వైపునుంచో, హిందూపురం వైపునుంచో కాపురానికి వచ్చిన మనిషి. చదివినది తెలుగు బడిలో. 'ఏడెనిమిదులు యాభై ఆరు' అన్న మాట ఆమె నాలుక చివరనే ఉన్నది. అయినా పలకదు. "మా ఎక్కాలు వేరు నాయనా, మీ మగ్గి వేరు. రేపు మీ మేష్ట్రునే అడుగు" అని పొయ్యి దగ్గరకు వెళ్ళిపోతుంది.

ఆ తల్లికి లెక్క తెలుసు. తెలియనిది ఆ లెక్కకు బడి పెట్టిన పేరు మాత్రమే. ఆ చిన్న తేడాకు జంకి ఆమె తప్పుకోవడంతో పిల్లవాడు రెండు విధాల నష్టపోతున్నాడు. ఆ పూట హోంవర్కు ఆగిపోవడం మొదటిది. ఇంట్లో మాట్లాడే భాషకు చదువుతో పనిలేదన్న అభిప్రాయం ఎనిమిదేళ్ళ వయసులోనే అతని మనసులో నాటుకోవడం రెండవది. మొదటి నష్టం మరునాడు పూడవచ్చు. రెండవది అంత తేలికగా పూడదు.

ఇది ఒక్క కర్ణాటక సరిహద్దు సంగతి కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో మగ్గికి బదులు 'వాయ్‌ప్పాడు', గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు 'పాఢే', రాయగడ, పర్లాకిమిడి ప్రాంతాలలో 'పణికియా' పిల్లల ముందు నిలుస్తున్నాయి. ఇంగ్లీషు మాధ్యమంలో చేర్చినవారి ఇళ్ళలో 'టేబుల్సు' నిలుస్తున్నాయి. పేర్లు మారినా తల్లిదండ్రుల సంకోచం మాత్రం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉన్నది.

సర్వేలు చెబుతున్నదేమిటి?

గుణకారం విషయంలో దేశమంతటా పిల్లలు వెనుకబడి ఉన్నారన్నది ఇటీవలి సర్వేలు తేల్చిన సత్యం. కేంద్ర విద్యాశాఖ 'పరఖ్' పేరిట 2024 డిసెంబరు 4న నిర్వహించిన సర్వేలో 781 జిల్లాలకు చెందిన 74,229 పాఠశాలలు, 21 లక్షలకు పైగా విద్యార్థులు పాల్గొన్నారు. 2025లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం ఆరో తరగతి పిల్లలలో కనీసం పదో ఎక్కం వరకు వచ్చినవారు 53 శాతం మాత్రమే. మూడో తరగతిలో 99 లోపు సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసపెట్టగలిగినవారు 55 శాతం.

గ్రామీణ పిల్లల చదువును ఇంటింటికీ తిరిగి పరీక్షించే 'అసర్' నివేదికదీ ఇదే మాట. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదో తరగతి పిల్లలు 2018లో 27.9 శాతం, 2022లో 25.6 శాతం, 2024లో 30.7 శాతం. కరోనా కాలపు నష్టం పూడి కొంత మెరుగుదల కనిపించిన మాట నిజమే. అయినా పది మందిలో దాదాపు ఏడుగురు ఇంకా భాగహారం ముందు ఆగిపోతున్నారు. భాగహారమంటే గుణకారాన్ని వెనుకనుంచి నడపడమే. ఎక్కం పట్టుబడనివానికి భాగహారం రాదు. భాగహారం రానివానికి భిన్నాలు, శాతాలు, వడ్డీలెక్కలు రావు. ఏడో తరగతిలో 'లెక్కలంటే భయం' అని మనం చెప్పుకొనే జబ్బుకు మూలం మూడో తరగతి ఎక్కాల పుస్తకంలోనే ఉంటుంది.

దేశంలోని పిల్లలందరికీ ఉన్న ఈ ఇబ్బందికి తోడు సరిహద్దు పిల్లలకు మరొకటి ఉన్నది. అది సంఖ్యల పేర్ల చిక్కు.

పేర్లలో చిక్కు

తెలుగు ఇంట పెరిగిన పిల్లవానికి 9 అంటే తొమ్మిది, 80 అంటే ఎనభై, 90 అంటే తొంభై. కన్నడ బడిలో 9 ఒంబత్తు, 80 ఎంబత్తు, 90 తొంబత్తు. మూడూ ఒకే ప్రాసలో వినిపిస్తాయి. పైగా 'తొ' అన్న అక్షరం వినగానే తెలుగు చెవికి తొమ్మిది స్ఫురిస్తుంది. తమిళంలో 90ని తొణ్ణూరు అంటారు. అందులో 'నూరు' వినిపించేసరికి మన పిల్లవాడు వందకు పైమాటే అనుకొంటాడు. 900ను తొళ్ళాయిరం అంటారు. అందులోనేమో వేయికి తమిళ పదమైన 'ఆయిరం' వినిపిస్తుంది. ఇటువంటి చోట పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు అతనికి లెక్క రాలేదా, మాట తెలియలేదా అన్నది విడదీసి చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపే బడిలో అంత తీరిక దొరకడం అరుదు.

కన్నడ, తమిళాలలో కనీసం వరుస మనదే. పదులు ముందు, ఒకట్లు తరువాత. మరాఠీ, ఒడియాలలో ఆ వరుస తిరగబడుతుంది. మనం ఇరవై ఏడు అంటే మరాఠీలో సత్తావీస్ అంటారు. అంటే ఏడు ముందు, ఇరవై తరువాత. 49కి అక్కడి పేరు ఏకోణ్‌పన్నాస్. యాభైకి ఒకటి తక్కువ అని దాని భావం. చెవికి ఏడు ముందు వినిపించగా, చేతితో 2 ముందు వ్రాయవలసి రావడం పసివానికి పరీక్షే.

ఈ చిక్కు మరాఠీ పిల్లలకు సైతం ఉన్నదని 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ 'బాలభారతి' గుర్తించింది. రెండో తరగతి గణిత పుస్తకంలో సత్తావీస్‌ను 'వీస్ సాత్' అని పలికే రీతిని ప్రవేశపెట్టింది. గణిత సమితికి నాయకత్వం వహించిన గణితవేత్త మంగళా నార్లీకర్ దక్షిణాది భాషలలో సంఖ్యలు ఈ వరుసలోనే ఉండటాన్ని సమర్థనగా చూపారు. భాషాభిమానులు ఆగ్రహించారు, శాసనసభ వరకు వివాదం వెళ్ళింది. ఆ వివాదంలో ఎవరి పక్షం సరియైనదన్నది అటుంచితే, మనం గ్రహించవలసిన విషయం ఒకటున్నది. లెక్కలు నేర్చుకొనే పసివానికి తెలుగు సంఖ్యల వరుస అడ్డంకి కానే కాదు. అది అతనికి పుట్టుకతో దొరికిన సౌకర్యం. మరొక రాష్ట్రపు గణితవేత్తలు మెచ్చుకొన్న సొత్తును మన ఇళ్ళలోనే మనం దాచిపెట్టుకొంటున్నాం.

సంతలో వచ్చిన లెక్క బడిలో ఎందుకు రాదు?

కోలారు మార్కెట్టుకు పోయే టమోటా బాక్సు 15 కిలోలది. 12 బాక్సులు దించితే ఎన్ని కిలోలు? కలం కాగితం లేకుండానే మన రైతు 'నూట ఎనభై' అంటాడు. ఎట్లా అని అడిగితే, పది బాక్సులు నూట యాభై, రెండు బాక్సులు ముప్పై అని విడమరిచి చెబుతాడు. పాల డెయిరీలో, పట్టుగూళ్ళ మార్కెట్టులో, మామిడి మండీలో ఇటువంటి లెక్క దినమూ సాగుతూనే ఉంటుంది. అదే మనిషి కొడుకు పుస్తకంలో 12 × 15 అన్న లెక్క చూసి 'నాకు రాదు' అంటాడు.

ఈ వింత మనవారికే పరిమితం కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ప్రకటించిన పరిశోధన సరిగ్గా ఈ సంగతినే బయటపెట్టింది. కూరగాయల ధరలను నోటితో గుణించి చిల్లర తిరిగి ఇవ్వగలిగిన పిల్లలు పాఠ్యపుస్తకంలోని సాధారణ లెక్కలకు తడబడ్డారు. పుస్తకపు లెక్కలు చేయగలిగిన బడిపిల్లలు బజారు లెక్కకు తడబడ్డారు. అంటే ఒకచోట నేర్చిన విద్య రెండవచోటికి తనంతట తాను నడిచిపోదు. నడిపించేవారు కావాలి.

సరిహద్దు పల్లెలో ఆ పని చేయగలవారు ఎవరు? ఉపాధ్యాయునికి పుస్తకం తెలుసు కాని పిల్లవాని పొలం, సంత, ఇంటిభాష తెలియకపోవచ్చు. పట్టణపు ట్యూషన్‌లో అంతకన్నా తెలియదు. రెండింటినీ ఒకచోట చేర్చగలిగినది రాత్రిపూట పదిహేను నిమిషాలు పిల్లవాని పక్కన కూర్చొనే తల్లి, తండ్రి, తాత, అవ్వ. అందుకే గుణకారం హోంవర్కును ఇంటివారు వదలిపెట్టడం సరిహద్దు ప్రాంతంలో మిగతాచోట్లకన్నా ఎక్కువ నష్టం.

ఇంట్లో చేయదగినది

మొదట చేయవలసినది భయం తగ్గించడం. ఒకటి నుంచి పదో ఎక్కం వరకు మొత్తం నూరు ఫలితాలు. ఇంత బరువు చూసి పిల్లవాడు బెదరడం సహజం. అయితే ఒకటో ఎక్కం, పదో ఎక్కం కంఠస్థం చేయనక్కరలేదు. రెండో ఎక్కమంటే రెట్టింపు. ఐదో ఎక్కం సున్నాతోగాని ఐదుతోగాని ముగుస్తుంది కనుక త్వరగా పట్టుబడుతుంది. తొమ్మిదో ఎక్కానికి పదో ఎక్కమే దారి. తొమ్మిది ఏడులు కావాలంటే డెబ్బైలో నుంచి ఒక ఏడు తీసివేస్తే అరవై మూడు. ఇక మూడు నాలుగులన్నా నాలుగు మూడులన్నా పన్నెండే. చింతగింజలను మూడు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున పేర్చి, పిల్లవానిని ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడమంటే ఈ సత్యం జీవితాంతం మరచిపోడు. వీటన్నిటినీ తీసివేస్తే నిజంగా కష్టపడి నేర్వవలసినవి పదిహేను ఫలితాలు మాత్రమే. 3, 4, 6, 7, 8 అంకెలను తమలో తాము హెచ్చవేయగా వచ్చేవే అవి. రోజుకు ఒకటి చొప్పున చూసినా రెండు వారాల పని.

ఆ పదిహేనింటిలోనూ పిల్లలు ఎక్కువగా ఆగేది ఏడెనిమిదుల దగ్గరనే. అక్కడ 'గుర్తులేదా?' అని గద్దించడం వృథా. ఏడైదులు ఎంత? ముప్పై ఐదు. ఇంకా ఎన్ని ఏడులు కావాలి? మూడు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. రెండూ కలిపితే యాభై ఆరు. లేదా రెట్టింపు చేసుకొంటూ పోవచ్చు. ఏడు రెళ్ళు పద్నాలుగు, దాని రెట్టింపు ఇరవై ఎనిమిది, మరొక రెట్టింపు యాభై ఆరు. మరచిపోయిన ఎక్కాన్ని తిరిగి కట్టుకోగలిగిన పిల్లవాడు పరీక్షలో ఆగిపోడు. వల్లెవేత వద్దని దీని అర్థం కాదు. అర్థమైన తరువాత చేసే వల్లెవేత నిలుస్తుంది. ముందే చేస్తే పాటవలె నోటిలో ఉండి, మధ్యలో అడిగితే మొదటినుంచి పాడవలసి వస్తుంది.

రెండంకెల గుణకారంలో మరొక తగాదా వస్తుంటుంది. 23ను 14తో హెచ్చవేయమంటే తండ్రి తన కాలపు పద్ధతిలో నాలుగుతో హెచ్చవేసి 92, కింది వరుసలో ఒక స్థానం వదలి 23, కూడితే 322 అంటాడు. ఇప్పటి పుస్తకాలలో గళ్ళు గీసి 20నీ 3నీ, 10నీ 4నీ విడదీసి 200, 80, 30, 12 వ్రాసి కూడమంటారు. పిల్లవాడు 'మా మిస్ ఇట్లా చెప్పలేదు' అంటాడు, తండ్రికి కోపం వస్తుంది. నిజానికి రెండూ ఒకే లెక్క. తండ్రి వ్రాసిన 92లో 80, 12 ఉన్నాయి. స్థానం వదలి వ్రాసిన 23 అసలు 230. దానిలో 200, 30 ఉన్నాయి. ఆ ఖాళీ స్థానం ఎందుకన్నది చాలామంది పెద్దలకు బడిలో ఎవరూ చెప్పలేదు. గళ్ళ పద్ధతి ఆ కారణాన్ని చూపుతుంది. కనుక పుస్తకంలోని పద్ధతిలోనే చేయనిచ్చి, చివర తమ పద్ధతితో సరిచూడటం పెద్దలకు ఉచితం. ఒకే జవాబు రెండు దారుల వచ్చినప్పుడు పిల్లవానికి కలిగే ధైర్యం ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

భాష సంగతి కూడ ఇంతే. ముందు తెలుగులో ఆలోచించనివ్వాలి. జవాబు వచ్చిన తరువాత 'దీన్ని మీ బడిలో ఏమంటారు?' అని అడగాలి. పిల్లవాడు 'ఏళెంట్ల ఐవత్తారు' అని చెబుతాడు. అప్పుడు నేర్పేవాడు పిల్లవాడు, నేర్చుకొనేది తల్లి. రెండు భాషలలో పలికిన ఎక్కం రెండు ముళ్ళు వేసిన తాడు. కైవార తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన ఈ గడ్డమీద రెండు భాషలలో ఒక ఎక్కం చెప్పుకోవడం పరాయి పని ఏమీ కాదు.

కొట్టి నేర్పడం మాత్రం వద్దు. దెబ్బకు భయపడి చెప్పిన ఎక్కం భయంతోపాటే గుర్తుంటుంది. సమయం కూడ మితంగా ఉండాలి. కేంద్రం 2020లో ప్రకటించిన పాఠశాల సంచి విధానం రెండో తరగతి వరకు హోంవర్కే వద్దన్నది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి గరిష్ఠంగా రెండు గంటలన్నది. అంతకు మించి వ్రాయిస్తున్న బడులను ప్రశ్నించే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది.

ప్రభుత్వాలు మరచిన వాగ్దానం

బాధ్యతనంతా ఇంటిమీదికి నెట్టి ప్రభుత్వాలను విడిచిపెట్టడం న్యాయం కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని పిల్లలుంటే వారి భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలని తీర్మానించింది.

తరువాతి చరిత్ర మరొక దిక్కుకు నడిచింది. తమిళనాడు 2006లోను, కర్ణాటక 2015లోను తమ రాష్ట్రభాషలను బడులలో తప్పనిసరి చేస్తూ చట్టాలు చేశాయి. రాష్ట్రభాష నేర్వడం మన పిల్లలకు మేలే. ఉద్యోగమైనా, కచేరీ పని అయినా ఆ భాషలోనే జరగాలి. దానిని వ్యతిరేకించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మరొకవైపు, బోధనా మాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ తల్లిదండ్రులదేనని 2014 మేలో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ స్వేచ్ఛతో చాలామంది ఇంగ్లీషును ఎంచుకొన్నారు. రాష్ట్రభాష, ఇంగ్లీషు తమ తమ స్థానాలు సంపాదించుకొనగా, పిల్లవాడు నిజంగా ఆలోచించే భాషకు తరగతి గదిలో చోటు లేకుండాపోయింది.

2020 జాతీయ విద్యావిధానం ఇంటిభాష వేరైన పిల్లలకు రెండు భాషలలో బోధించాలని, రెండు భాషల సామగ్రి వాడాలని ఉపాధ్యాయులను ప్రోత్సహించింది. కర్ణాటక, తమిళనాడు ఆ విధానాన్ని కాదని సొంత విధానాల వైపు మొగ్గాయి. విధానం ఎవరిదైనా కానివ్వండి, రెండు భాషల ఎక్కాల పట్టిక ఒకటి అచ్చువేసి సరిహద్దు బడుల గోడలకు అంటించడానికి ఏ రాజకీయమూ అడ్డురాదు. ఒకవైపు కన్నడ, ఒకవైపు తెలుగు. హోసూరులో ఒకవైపు తమిళం, సిరొంచలో మరాఠీ, రాయగడలో ఒడియా. దానితోపాటు హోంవర్కులో చేసిచూపిన లెక్క ఒకటైనా ఉండాలని, నెలకొకసారి తల్లిదండ్రుల సమావేశంలో ఆ నెల నేర్పే పద్ధతిని పది నిమిషాలు చూపాలని మనం కోరవచ్చు. కర్ణాటకలో ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ తల్లిదండ్రులే సభ్యులుగా గల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి ఉన్నది. ఈ కోరిక మొదట వినిపించవలసిన చోటు అదే.

అంతవరకు వేచి ఉండనవసరం లేని పని ఒకటున్నది. ఈ రాత్రి పిల్లవాడు ఏడో మగ్గి దగ్గర ఆగి తలెత్తి చూసినప్పుడు, పొయ్యి దగ్గరి తల్లి తనకు తెలిసిన మాటను తెలిసినట్లుగా పలకాలి. ఏడెనిమిదులు యాభై ఆరు. సరిహద్దుకు ఇవతలా యాభై ఆరే, అవతలా యాభై ఆరే.